ఉప్పుటేటి ఒడ్డున మా ఇల్లు

ఈసారి గోడపత్రికకు ‘మా ఇల్లు’ అని విషయం ఇచ్చారు మేడమ్. మా గదిలో వాళ్లంతా నన్ను చూసి, “నీకేమే, మీ ఇంటి దగ్గర తాబేళ్లుంటాయి, కూర్చుంటే గంటలో రాసేస్తావు” అన్నారు. తాబేళ్లున్న మాట నిజం. వాటి గురించి గంటలోనే రాసేశాను కూడా. మిగిలింది రాయడానికి రెండు వారాలు పట్టింది. ఈలోగా చార్టు మీద నాకోసం వదిలిన ఖాళీ చూసి మేడమ్ రెండుసార్లు అడిగారు. అందుకు క్షమించాలి.

మా ఊరు గంజాం జిల్లాలో, ఋషికుల్యా నది సముద్రంలో కలిసే చోటికి దగ్గర. సముద్రానికీ ఊరికీ మధ్య ఇసుక తిన్నె, దాని మీద సరుగుడు తోపు. తిన్నెకు ఇవతల చిన్న పాయ ఒకటి ఉంది. పోటు వచ్చినప్పుడు అందులోకి ఉప్పునీళ్లు ఎక్కుతాయి, పాటుకు దిగిపోతాయి. మేమందరం దాన్ని ఏరు అంటాం, మామ్మ మాత్రం ఉప్పుటేరు అంటుంది. మా పెరడు ఆ ఏటి దాకా దిగుతుంది.

మా ఇంట్లో రెండు భాషలు. నాన్న వాళ్లు తెలుగు, అమ్మ వాళ్లు ఒడియా. నాన్నను నాన్న అనే పిలుస్తాను, అమ్మను ‘బొఉ’ అంటాను. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరుగా ఏర్పడినప్పుడు గంజాం మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి అటు వెళ్లింది. మా ముత్తాత అప్పటికే ఇక్కడున్నాడట. ఆయన ఉన్న ఇంట్లోనే ఉన్నాడు, ఊరే ఇంకో రాష్ట్రానికి వెళ్లింది. మీలో చాలామంది ఇళ్లలో ఇదే కథ కాబట్టి దీన్ని పొడిగించను.

మామ్మ పుట్టిల్లు ఇచ్ఛాపురం అవతల, ఉద్దానంలో, కవిటి దగ్గర. కొబ్బరి, పనస, జీడిమామిడి తోటల మధ్య పుట్టిన మనిషి. కాపురానికి వచ్చేసరికి ఈ పెరడంతా ఇసుకా ముళ్లకంపా తప్ప ఏమీ లేదట. పుట్టింటికి వెళ్లినప్పుడల్లా రెండేసి కొబ్బరి మొలకలు గోనెసంచిలో పెట్టుకుని రైల్లో తెచ్చేది. టికెట్ కలెక్టరు ఒకసారి, “ఇది బిడ్డా, చెట్టా, దీనికి టికెట్ ఉందా?” అని అడిగాడని ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది. అలా నలభై చెట్లు అయ్యాయి.

పెరడు మూడు మెట్లుగా ఉండేది. ఇంటిని ఆనుకుని ఉన్నది పైమెట్టు. గిలక బావి అక్కడే. బావి చుట్టూ వంగ, బెండ, చిక్కుడు, అరటి, బచ్చలి, బావిగట్టు తడిలో చేమ. ఇక్కడ నాకు ఎప్పుడూ తికమక. మామ్మ “చేమదుంపలు తవ్వు” అంటుంది, అదే మొక్కను చూపించి బొఉ “సారు తే” అంటుంది. బచ్చలి పోఇ అవుతుంది, ఉడుము గోధి అవుతుంది. చిన్నప్పుడు అవి రెండు వేరు వేరు జంతువులనుకున్నాను. ఉడుమంటే బావి వెనక రాళ్లలో ఉండేదనీ, గోధి అంటే బొఉ భయపడేదనీ.

నడిమెట్టు కొబ్బరితోట. మధ్యలో రెండు మామిళ్లు, ఒక పనస, ఒక సపోటా. కిందిమెట్టు ఎకరం చిల్లర, ఏటిని ఆనుకుని. అక్కడ గట్టు పొడవునా మొగలి పొదలు.

మొగలి గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే నా బడి పుస్తకాలన్నీ వాటి మీదే వచ్చాయి. గంజాం మొగలి పువ్వుకూ దాని అత్తరుకూ జీఐ గుర్తింపు ఉందని మీకు తెలిసే ఉంటుంది. ఒడియాలో కియా అంటారు. మగ చెట్టు పూసే పువ్వుకే ఆ వాసన. వానాకాలంలో ఎక్కువ పూస్తుంది. తెల్లారకముందే కోయాలి, ఎండెక్కితే వాసన పోతుంది. ఆకు అంచులకూ ఈనెకూ ముళ్లు. మామ్మ పాత దుప్పటి చేతులకు చుట్టుకుని, పొడవాటి వెదురుకు కొడవలి కట్టి కోసేది. ఏడు గంటలకు బట్టీ వాళ్ల మనిషి సైకిల్ మీద వచ్చి పువ్వుకింత అని లెక్కపెట్టి తీసుకెళ్లేవాడు. బట్టీలో రాగి డేగిశాల్లో నీళ్లు పోసి, పూలు వేసి, మూతకు మట్టి మెత్తి ఆవిరి పట్టిస్తారు. నేను ఒక్కసారే చూశాను. ఆ ఆవరణలో అయిదు నిమిషాలు నిలబడితే రెండు రోజులు తల నుంచి వాసన పోలేదు. బళ్లో నా పక్కన కూర్చునే పిల్ల ముక్కు మూసుకుంది.

మొగలి పొదల్లో పాములుంటాయంటారు కదా. వాసనకు వస్తాయని అందరూ చెబుతారు. మామ్మ లెక్క వేరు. “వాసనా కాదు, గీసనా కాదు. అడుగున సల్లగుంటది, ఎలకలుంటాయి. నానైనా అక్కడే ఉంటాను” అనేది.

ఆ లెక్కతోనే పెరడంతా నడిపేది. బీరపాదు మూడు పెట్టేది. ఒకటి ఇంటికి, ఒకటి సంతకు, ఒకటి దొంగలకు. దొంగలంటే కొండముచ్చులు, చిలకలు, ఎలకలు, రాత్రిళ్లు కొబ్బరిచెట్టు దిగి బొప్పాయి తినిపోయే మానుపిల్లి. సపోటాలు గబ్బిలాలవి. మామ్మ వాటిని తిట్టేది, కానీ కాయలకు గుడ్డలు కట్టనిచ్చేది కాదు. ఈ విషయంలో అత్తాకోడళ్లకు ఒకే మాట. బొఉ పుట్టిల్లు భేట్‌నోయ్ వైపు. అక్కడ కృష్ణజింకలు మందలుగా పొలాల్లో మేస్తాయి, రైతులు తరమరు. జింక మేసిన ఏడు వానలు బాగా పడతాయని నమ్మకం. మా తాతగారి మినపచేలో జింకలు పడితే ఆయన గట్టు మీద కూర్చుని చూస్తూ ఉండేవాడట. మా నాన్నకు మాత్రం ఈ ఉదారత్వం లేదు. చిలకల మీదకు డబ్బా వాయించేవాడు.

ఏటి ఒడ్డున మధ్యాహ్నం పూట పాటు వచ్చి బురద తేలితే చూడాలి. చిన్న చిన్న పీతలు వేల సంఖ్యలో బయటికొస్తాయి. మగవాటికి ఒక కొండి పెద్దది, ఒకటి చిన్నది. ఆ పెద్ద కొండిని అందరూ ఒకేసారి పైకెత్తి ఊపుతుంటే, మన ఎన్‌ఎస్‌ఎస్ పిల్లలకు డ్రిల్లు నేర్పినట్టు ఉంటుంది. బురద మీద కాళ్లున్నట్టు గెంతే చేపలుంటాయి. లకుముకి పిట్ట మా పడవ తాడు మీదే కూర్చునేది, పడవ పోయాక గూటం మీద. చలికాలంలో ఉల్లంకులు గుంపులుగా దిగుతాయి.

ఇక తాబేళ్లు. ఆలివ్ రిడ్లేలు. మామూలుగా ఫిబ్రవరి, మార్చిలలో మా తిన్నె అవతల ఒడ్డుకు గుడ్లు పెట్టడానికి వస్తాయి. 2023లో ఆరు లక్షలకు పైగా వచ్చాయని లెక్క తేల్చారు. అవి నడిచిన ఇసుక తెల్లారి చూస్తే ట్రాక్టరు తోలినట్టు ఉంటుంది. ఏడెనిమిది వారాలకు పిల్లలు బయటికొస్తాయి. వెలుతురున్న వైపు పోవడం వాటి స్వభావం. సముద్రం మీద ఆకాశం కొంచెం తెల్లగా ఉంటుంది కదా, అటు పోవాలి. ఊళ్లో లైట్లుంటే ఇటు వస్తాయి. అందుకే ఆ రోజుల్లో మా వైపు లైట్లు ఆర్పేస్తారు, తప్పిపోయిన వాటిని బకెట్లలో ఏరి నీళ్ల దగ్గర వదులుతారు. నేను ఆరో తరగతిలో ఒక రాత్రి మామ్మ చేటలో నూట పన్నెండు మోశాను. చేటలో అవి చేసే చప్పుడు ఎండుటాకుల మీద చినుకులు పడ్డట్టు ఉంటుంది.

ఇంతవరకు గంటలో రాసింది.

2013 అక్టోబరు 12, దుర్గాష్టమి రాత్రి, ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. నాకు ఏడేళ్లు. మమ్మల్ని ముందురోజే బడి మేడలోకి తరలించారు. తిరిగొచ్చి చూస్తే నలభై కొబ్బరిచెట్లలో తొమ్మిది నిలబడి ఉన్నాయి. వంటింటి రేకులు మామిడిచెట్టులో ఉన్నాయి. బావి నిండా ఉప్పునీళ్లూ ఇసుకా. నాన్న బావిగట్టు మీద కూర్చుని ఏడ్చాడు. నాన్న ఏడవడం నేను చూసింది అదొక్కసారే. మామ్మ ఇద్దరు మనుషుల్ని పెట్టి నాలుగు రోజులు బావి తోడించింది. తర్వాత, “ఇంక వాన్లు సూసుకుంటాయి” అని వదిలేసింది. రెండు వానాకాలాలు పోయాక నీళ్లు తియ్యబడ్డాయి. కూలిన చెట్ల గోతుల్లో గుమ్మడి పెట్టింది. ఆ గుమ్మడికాయలు ఇంటింటికీ పంచినా తరగలేదు. 2018 అక్టోబరులో తిత్లీకి ఉద్దానంలో మామ్మ అన్నగారి తోట మొత్తం పడిపోయింది. ఫోన్లో ఆయనకు కూడా అదే చెప్పింది, వానలు చూసుకుంటాయని.

నేను ప్లస్ టూ పాసైన వేసవిలో ఒకాయన మా కిందిమెట్టు చూడ్డానికి వచ్చాడు. వెనామీ రొయ్యల చెరువు తవ్వుతానని, మూడేళ్ల లీజు, ఏడాది డబ్బు ముందే ఇస్తానని. అప్పటికే ఏటి వెంట పైన రెండు చెరువులున్నాయి. నాన్న పనిచేసే కొట్టు మూతపడి ఆరు నెలలు. నాకు ఇక్కడ సీటు వచ్చింది. హాస్టలు డబ్బు కట్టడానికి పదకొండు రోజులే గడువు. నాన్న నాతో ఏమీ అనలేదు. ఆ కాగితం తెచ్చి టీవీ మీద పెట్టాడు, అంతే.

భూమి మామ్మ పేరున ఉంది. మామ్మకు ఒడియా మాట్లాడ్డం వచ్చు, సంతలో బేరమాడే అంత. చదవడం తెలుగే. కాగితం ఒడియాలో ఉంది. నాన్న చదివితే నమ్మదని కాదు గానీ, “గుంట సదవనీ, సదూకున్నాది కదా” అంది.

అరుగు మీద కూర్చుని ఒక్కో వాక్యం ఒడియాలో చూసుకుంటూ తెలుగులో చెప్పాను. విస్తీర్ణం, హద్దులు, సొమ్ము, గడువు. ఆరో పేరాలో ఇలా ఉంది: గడువు తీరాక నేలను మునుపటి స్థితికి తెచ్చే బాధ్యత లీజుదారుకు లేదు, చుట్టుపక్కల నేలకుగానీ నీటికిగానీ వచ్చే మార్పులకు అతడు జవాబుదారీ కాడు. నాకు అర్థం కాలేదని అబద్ధం చెప్పను. ప్రతి మాటా అర్థమైంది. ఒక క్షణం ఆగాను. ఆగి, “ఇక్కడ మామూలుగా రాసే మాటలే, మామ్మా” అని ఏడో పేరాకు వెళ్లిపోయాను. మామ్మ కళ్లజోడు పెట్టుకుని తెలుగులో సంతకం చేసింది. అక్షరాలు ఒక్కొక్కటి, మధ్యలో పెన్ను ఎత్తి.

పొక్లెయిన్ వచ్చిన రోజు నేను ఇక్కడ హాస్టల్లో పరుపు కొనుక్కుంటున్నాను. మొగలి పొదలు ఒక్క పూటలో లేచిపోయాయని బొఉ ఫోన్లో చెప్పింది. పాములెన్ని బయటపడ్డాయో లెక్క చెప్పబోతే వద్దన్నాను.

ఆయన చెడ్డవాడని రాస్తే నాకు సులువుగా ఉండేది. కాదు. డబ్బు చెప్పిన రోజుకు ఇస్తాడు. తాబేలు పిల్లలు వచ్చే రోజుల్లో నాన్న వెళ్లి అడిగితే చెరువు దీపాలకు సముద్రం వైపు గోనెపట్టాలు కట్టించాడు. కానీ చెరువు చెరువులాగే ఉంటుంది కదా. ఏటి నీళ్లు పంపుతో చెరువులోకి తోడతారు. నీళ్లను చిలకడానికి చక్రాలు, కరెంటు పోతే జనరేటరు. పక్షులు రొయ్యల జబ్బులు మోసుకొస్తాయని చెరువు మీద నైలాను దారాలు, పీతలు ఎక్కకుండా చుట్టూ ప్లాస్టిక్ పట్టా. పెట్టుబడి పెట్టినవాళ్లెవరైనా అలాగే చేస్తారు. మొదటి సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఒక కొంగ ఆ దారాల్లో రెక్క చిక్కుకుని వేలాడుతోంది. మామ్మ కత్తి పట్టుకుని నీళ్లలోకి దిగి కోసి తెచ్చింది. అది రెండు రోజులు బావిగట్టు మీద నిలబడి, మూడోనాడు చచ్చిపోయింది.

నీళ్లు మారిన సంగతి మొదట పప్పు చెప్పింది. ఎంతసేపైనా ఉడకట్లేదని బొఉ కొట్టువాడిని తిట్టి పప్పు మార్పించింది. తర్వాత సబ్బు నురగ రాలేదు. అరటాకులకు అంచుల నుంచి గోధుమరంగు పట్టింది. చిక్కుడు పూత పూసి రాలిపోయింది. అందరికంటే ఆలస్యంగా నాలుకకు తెలిసింది. బావికీ చెరువుకూ మధ్య నలభై గజాలు కూడా ఉండదు, అంతా ఇసుక. తీరం దగ్గర ఇసుక నేలలో వాన నీరు ఉప్పునీటి మీద పలచగా తేలుతూ ఉంటుందని, ఆ పొర కిందనుంచీ పక్కనుంచీ చెడిపోతుందని జాగ్రఫీ క్లాసులో బోర్డు మీద బొమ్మ వేసి చెప్పినప్పుడు నేను నోట్స్ రాసుకోలేదు. ఆ బొమ్మలో బావి ఉన్న చోట మా గిలక కనిపించింది. తుఫాను ఒక్క రాత్రి వచ్చి పోయింది కాబట్టి వానలు కడిగాయి. ఇది రోజూ ఉంటుంది.

తాగే నీళ్లకు వీధి కొళాయి ఉంది, ఇబ్బంది లేదు. పెరటికే లేదు. మామ్మ ఇప్పుడు వంటింటి చూరు కింద డ్రమ్ములు పెట్టి వాన నీళ్లు పడుతుంది. రొయ్యల మేత వచ్చిన ఖాళీ సంచుల్లో మట్టి నింపి వాటిలో వంగ, మిరప పెడుతుంది. బీరపాదు ఒక్కటే పెట్టింది. ఆ ఒక్కదాంట్లో దొంగల వాటా ఎంతో నేను అడగలేదు.

మొన్న దసరాకు ఇంటికి వెళ్లాను. టీవీ మీద మళ్లీ ఒక కాగితం ఉంది. ఈసారి నడిమెట్టు, కొబ్బరితోట. ఫైలిన్ తర్వాత మామ్మ మళ్లీ నాటినవి ఇప్పుడిప్పుడే కాపుకొచ్చాయి. తమ్ముడు వచ్చే ఏడాది పాలిటెక్నిక్‌లో చేరాలి. నాన్న ఎప్పటిలాగే ఏమీ అనలేదు. 

సాయంత్రం మామ్మ అరుగు మీద కూర్చుని కళ్లజోడు తుడుచుకుంటూ, “ఏటే, ఆ కాయితం ఇలా అట్రా. సదువు” అంది.

తెచ్చాను. మొదటి పేరా మొదలుపెట్టేలోపే అంది, “ఆ దినం ఒక్క కాడ ఆగావు. ఆ ముక్క ఇందులో ఉన్నాదేటి? ముందు అది సదువు.”

ఆరో పేరాలోనే ఉంది. అవే మాటలు, ఊరికే అచ్చువేసే మాటలు. నేను ఒడియాలో ఒకసారి పైకి చదివాను, తర్వాత తెలుగులో చెప్పాను. ‘జవాబుదారీ కాడు’ అన్నచోట గొంతు పట్టేసింది. లోపల బొఉ పోపు వేస్తోంది, ఆ చప్పుడు ఆగిపోయింది. మామ్మ నన్ను తిట్టలేదు. అప్పుడే తెలిసి ఉంటే సంతకం పెట్టేదానివా అని అడిగాను. చాలాసేపు ఏటి వైపు చూసి, “పెట్టుందును. నీ సదువు కదా. కానీ బావి ముందల తోడించి, తొట్లు కట్టించుకుని అప్పుడు పెట్టుందును” అంది.

సంతకం పెట్టలేదు, పెట్టనూ లేదు అనలేదు. కాగితం మడిచి బియ్యం డబ్బా కింద పెట్టింది. నాన్న బరంపురంలో ఒక చోట పనికి అడిగి వచ్చాడు. నేను స్కాలర్‌షిప్ ఫారం నింపాను. ఆదాయ ధ్రువపత్రం ఇంకా రావాలి, దాని గురించి ఆఫీసులో ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

బస్సెక్కేముందు మామ్మ సంచిలో నాలుగు వంకాయలు పెట్టింది, సంచి మట్టిలో కాసినవి, చిన్నవి. వచ్చేటప్పుడు బరంపురం బజారు నుంచి చిక్కుడు గింజలు తెమ్మంది. ఉప్పుకు మొదట చచ్చేది చిక్కుడే కదా అన్నాను. “అందుకే, అదుంటే నీళ్లు ఎలాగున్నాయో తెలుస్తాది” అంది. గింజలు కొన్నాను. రెండు రకాలున్నాయి, తెల్లవీ ఎర్రవీ. రెండూ తీసుకున్నాను.